గ్రామసభ మాటా, పాలకవర్గం మాటా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. ఓటేసి మనిషిని గెలిపించాక మళ్లీ ప్రతి పనికీ జనాన్ని అడగాలా? అడిగితే, వాళ్లు చెప్పినట్టే చెయ్యాలా? పల్లెటూరి కాలువ దగ్గర మొదలై కొండమీది గనుల దాకా, ఫోన్లో ఓటింగు దాకా వెళ్లిన ఈ ప్రశ్నలకు వీలైనంత వివరంగా జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఊరి గ్రామసభలో మురుగు కాలువే మొదటి పని అని అందరం ఒప్పుకున్నాం. రెండు నెలలు తిరక్కుండానే పాలకవర్గం బస్టాండు దగ్గర సిమెంటు రోడ్డుకు తీర్మానం చేసింది. అడిగితే సర్పంచి గారు "గ్రామసభది సలహా, నిర్ణయం మాది" అంటున్నారు. నిజమేనా అండీ?
— ఒక పాఠకుడు, తెనాలి మండలం

జవాబు: చట్టం దగ్గర ఆయన మాట చాలావరకు నిజమే. అయితే మీ చేతిలో ఏమీ లేదని మాత్రం అనుకోకండి.

గ్రామసభ అంటే ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న వాళ్లందరూ. పాలకవర్గం అంటే వాళ్లు ఎన్నుకున్న సర్పంచి, వార్డు సభ్యులు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఈ రెండింటినీ గుర్తించింది. కానీ గ్రామసభకు ఏ అధికారాలు ఇవ్వాలో తేల్చే పనిని 243-ఎ అధికరణంలో రాష్ట్ర శాసనసభకు వదిలేసింది. చిక్కంతా అక్కడే ఉంది. మన రాష్ట్ర చట్టం గ్రామసభ ముందు పెట్టవలసిన అంశాలను చెబుతుంది: జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, గత ఏడాది పాలన నివేదిక, వచ్చే ఏడాది పనులు, కొత్త పన్నులు లేదా పన్నుల పెంపు, పథకాల లబ్ధిదారుల ఎంపిక. వీటి మీద ఊరు చెప్పింది పాలకవర్గం పరిశీలించాలి. చెప్పింది చెప్పినట్టు అమలు చేసి తీరాలని మాత్రం లేదు.

ఇక మీరు ఏం చెయ్యాలంటే, ముందు ఆ రోజు గ్రామసభ తీర్మానాల పుస్తకంలో ఏం రాశారో చూడండి. సగం తగాదాలు ఇక్కడే తేలిపోతాయి. సభలో అందరూ "కాలువ" అంటారు. పుస్తకంలో "గ్రామాభివృద్ధి పనుల గురించి చర్చించడమైనది" అని ఒక్క ముక్క ఉంటుంది. వీధి పేరు, సుమారు పొడవు, వరుసలో ఎన్నో పని అన్నది లేని తీర్మానం రేపు ఎవరికీ పనికిరాదు. "ఫలానా వీధిలో ఫలానా ఇంటి నుంచి చెరువు తూము దాకా మురుగు కాలువ, మొదటి ప్రాధాన్యం" అని రాయించి, చదివి వినిపించాకే సంతకాలు పెట్టాలి. ఖాళీ పేజీలో ముందుగా సంతకాలు తీసుకుని తర్వాత తీర్మానం రాసుకునే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. సంతకం చేసే ముందు పైన రాత ఉందో లేదో చూసుకోవడం మీ పని.

పుస్తకం చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. పంచాయతీ కార్యదర్శి 30 రోజుల్లో జవాబివ్వాలి. "గ్రామసభ ఎందుకు పట్టించుకోలేదు?" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే చట్టం ఇచ్చేది ఉన్న కాగితాన్నే. అందుకని మూడు కాగితాలు అడగండి: ఫలానా తేదీ గ్రామసభ తీర్మానం నకలు, రోడ్డుకు పాలకవర్గం చేసిన తీర్మానం నకలు, ఆ ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక నకలు. మూడూ పక్కపక్కన పెడితే పని ఎక్కడ మారిందో మీకే తెలుస్తుంది. ప్రణాళిక, పనుల ఖర్చు ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో పంచాయతీల వారీగా కనిపిస్తాయి. దరఖాస్తు రాసే ముందే అది చూసుకుంటే అడగవలసిన పని పేరు కచ్చితంగా దొరుకుతుంది.

తర్వాత డబ్బు ఏ పద్దులోదో చూడండి. జనం సాధారణంగా వదిలేసేది ఇదే. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం కోసమే ఖర్చు పెట్టాలని కట్టడి చేసింది. మిగతా 40 శాతం పంచాయతీ తన అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకూ కార్యాలయ ఖర్చులకూ తప్ప. మురుగునీటి పని పారిశుధ్యం కిందికి వస్తుంది. సిమెంటు రోడ్డు రాదు. ఆ గ్రాంటు నుంచి రోడ్డు వేసి ఉంటే అది 40 శాతంలోంచే అయి ఉండాలి. "కాలువకు డబ్బు లేదు, రోడ్డుకు వాడేశాం" అనే జవాబు అక్కడ నిలవదు. రోడ్డు ఉపాధి హామీ పద్దు నుంచో ఎమ్మెల్యే నిధుల నుంచో వచ్చి ఉంటే కథ వేరు. అప్పుడు మీ కాలువ డబ్బు అలాగే ఉండాలి, ఎక్కడుందో అడగాలి.

కారణం రాతలో చెప్పించడం ఆఖరి మెట్టు. వచ్చే గ్రామసభలో "గత సభ తీర్మానాల మీద తీసుకున్న చర్య" అనేది మొదటి అంశంగా పెట్టమని కనీసం పదిమంది సంతకాలతో ముందే కార్యదర్శికి ఇచ్చి, నకలు మీద రసీదు తీసుకోండి. ఇంతమంది ఉండాలని చట్టంలో లేదు, ఒక్కరి కాగితాన్ని పక్కన పెట్టినంత తేలిగ్గా పదిమందిది పెట్టలేరు కాబట్టి చెబుతున్నాం. కాలువ వద్దనడానికి సర్పంచి గారికి మంచి కారణమే ఉండవచ్చు. నీరు పోయే చోట పొలం హద్దు గొడవ ఉందనో, వాలు సరిపోదని ఇంజినీరు చెప్పారనో. ఆ మాట ఊరి ముందు చెప్పి పుస్తకంలో రాయించే బాధ్యత ఆయనది. నిర్ణయం తీసుకోమనే మనం ఓటేశాం. ఎందుకు తీసుకున్నారో చెప్పనక్కర్లేదని ఓటెయ్యలేదు.

ప్రశ్న: నేను వార్డు సభ్యురాలిని. గ్రామసభ పెడితే ఎప్పుడూ అదే ముప్పై నలభై మంది వస్తారు, గట్టిగా మాట్లాడేది అందులో ఐదారుగురు. వాళ్లు చెప్పిందే "ఊరి మాట" అంటున్నారు. నాకు ఓటేసిన కూలి జనం, తండా ఆడవాళ్లు సభకే రారు. వచ్చినవాళ్ల మాట వినాలా, రానివాళ్ల తరఫున నిలబడాలా?
— ఒక పాఠకురాలు, సిద్దిపేట జిల్లా

జవాబు: అక్కా, ఈ నెల వచ్చిన వాటిలో బాగా ఆలోచింపజేసిన ప్రశ్న మీదే. సభకు వచ్చినవాళ్లే ఊరు కాదు. ఎన్నికలో రోజు కూలికి వెళ్లే మనిషి ఓటూ, పెద్ద రైతు ఓటూ ఒకటే. సభలో అలా ఉండదు. తీరిక ఉన్నవాళ్లదీ, గొంతు ఉన్నవాళ్లదీ పైచేయి అవుతుంది. మిమ్మల్ని ఎన్నుకున్నది రాలేనివాళ్ల తరఫున నిలబడడానికి కూడా. ఆ మాట సభలో నిస్సంకోచంగా చెప్పండి. అలాగని సభ పిలవడం మానుకుంటే మీ మాటకూ బలం ఉండదు. వచ్చేవాళ్లను పెంచడమే దారి.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ కనీసం రెండు నెలలకోసారి జరగాలి. కోరం కూడా ఉంది: 1001 నుంచి 3000 మంది ఓటర్లున్న ఊళ్లో 150 మంది ఉండాలి. ముప్పై మందితో జరిగిన సభ సభ కాదని మీరే లేచి అనవచ్చు. అనకపోతే రిజిస్టరు ఇంటింటికీ తిరిగి, మర్నాటికి 150 సంతకాలు పూర్తవుతాయి. మీ వార్డువాళ్లు సభకు రాకపోయినా వచ్చినట్టు నమోదైతే, వాళ్లకు ఇష్టం లేని పనికి వాళ్లే ఒప్పుకున్నట్టు అవుతుంది.

జనం ఎందుకు రారో ఎవరికి వాళ్లు ఊహించుకోవద్దు, వేళ చూడండి. పొద్దున పదకొండుకు సభ పెడితే కూలికి పోయే మనిషి ఒకరోజు కూలి వదులుకోవాలి. నాట్లప్పుడు, పత్తి తీతప్పుడు అసలు రారు. పొద్దు వాలాక పెట్టండి. చోటు కూడా ముఖ్యం. గుడి మంటపంలోనో, ఒక కులపు వీధిలో అరుగు మీదనో పెడితే కొందరు గడప దాటరు. బడి ఆవరణ నయం. తండా మూడు కిలోమీటర్లు ఉంటే సభకు రెండు రోజుల ముందు అక్కడే ఒక చిన్న కూటమి పెట్టి, వాళ్ల మూడు కోరికలు కాగితం మీద రాయించి, సంతకాలతో సభలో చదవండి. పొదుపు సంఘాల నెలవారీ సమావేశానికి ఆడవాళ్లు ఎలాగూ వస్తారు. ఆ రోజే పది నిమిషాలు అడిగి వాళ్లతోనూ ఇలాగే రాయించండి.

సభలో పనులు ఎంచే పద్ధతి మార్చితే గొంతుల బలం సగానికి సగం తగ్గుతుంది. అడిగిన పనులన్నీ ఒక గోడ మీద వరుసగా రాయండి, ఒక్కోదాని పక్కన అంచనా ఖర్చు వెయ్యండి. ఖర్చు వెయ్యకపోతే అందరూ అన్నీ అడుగుతారు. వేస్తే "ఇది కావాలంటే అది ఆగాలి" అనేది అందరికీ కనబడుతుంది. తర్వాత ఒక్కో మనిషికి మూడు చింతగింజలు ఇచ్చి, తనకు కావలసిన పని కింద పెట్టిన డబ్బాలో వెయ్యమనండి. చదువు రానివాళ్లకు పని బొమ్మ గీసి పెట్టండి. చేతులెత్తే పద్ధతిలో ఆసామి ఎదురుగా కూలి మనిషి చెయ్యి లేవదు, డబ్బాలో గింజ వెయ్యడానికి మాత్రం భయం ఉండదు. లెక్క సభలోనే చెయ్యాలి, ఆ అంకెలు పుస్తకంలో ఎక్కాలి.

అంతా చేశాక కూడా గింజల లెక్కకు వ్యతిరేకంగా నిర్ణయించే హక్కు పాలకవర్గానికి ఉంటుంది. ఎస్సీ కాలనీకి నీళ్లు రాకపోతే, ఊరంతా కలిసి కమ్యూనిటీ హాలుకు గింజలు వేసినా, నీళ్లకే మీరు పట్టుబట్టాలి. ప్రతినిధి ఉండవలసింది ఇలాంటి చోటే.

ప్రశ్న: మా దగ్గర పరిశ్రమకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. మాట్లాడినవాళ్లందరూ వద్దన్నారు. అయినా అనుమతి వచ్చేసింది. వద్దన్నా ఆగనప్పుడు మమ్మల్ని పిలవడం దేనికి?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అది ఓటింగు కాదు. చాలామందికి ఈ సంగతి ముందు ఎవరూ చెప్పరు, మీ కోపం న్యాయమైనదే. 2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఈ సభ ఉద్దేశం ఒక్కటే: స్థానికులు లేవనెత్తిన ప్రతి అభ్యంతరానికీ కంపెనీ తుది నివేదికలో జవాబు చెప్పాలి, నిపుణుల కమిటీ ఆ జవాబు సరిపోతుందో లేదో చూడాలి. ఎంతమంది వద్దన్నారన్న లెక్క కమిటీ ముందు పెద్దగా నిలవదు. ఏ కారణంతో వద్దన్నారో అది నిలుస్తుంది. సమ్మతి వేరు, సంప్రదింపు వేరు. ఇది సంప్రదింపు.

అందుకని తయారీ అంతా సభకు ముందే జరగాలి. కాలుష్య నియంత్రణ మండలి సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ఆ రోజు నుంచే ముసాయిదా నివేదిక కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, స్థానిక సంస్థల కార్యాలయాల్లో జనానికి అందుబాటులో ఉండాలి. సారాంశం తెలుగులో ఉండాలి, కానీ పూర్తి నివేదిక చాలాసార్లు ఇంగ్లీషులోనే ఉంటుంది. ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలను కూర్చోబెట్టి అదే చదివించండి. ముఖ్యంగా మూడు చోట్ల చూడాలి. ప్రాజెక్టు చుట్టూ పది కిలోమీటర్ల లోపల ఉన్న చెరువులు, గెడ్డలు, బడులు, గుడులు అన్నీ జాబితాలో ఉన్నాయా? నీళ్లు ఎక్కడి నుంచి, రోజుకు ఎన్ని తీసుకుంటామన్నారు? గాలి, నీటి నమూనాలు ఏ నెలల్లో, ఏ ఊళ్లో తీశామన్నారు? వేరే జిల్లా నివేదిక నుంచి ఎత్తిరాసిన పేజీలు, మీ ప్రాంతంలో లేని వాగు పేర్లు దొరకడం అరుదేమీ కాదు. అలాంటి తప్పు ఒక్కటి పేజీ నంబరుతో చూపిస్తే వంద నినాదాల పెట్టు.

సభ రోజు అధ్యక్షత వహించేది కలెక్టరు, లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి. దీనికి కోరం లేదు, పదిమంది వచ్చినా సభే. మొత్తం వీడియో తియ్యాలి. మాట్లాడేది రెండు నిమిషాలే అయినా, చెప్పదలచింది కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. సభకు రాలేనివాళ్లు కూడా రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన ఘడియ ఆఖర్లో వస్తుంది: సభలో వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని అక్కడికక్కడే తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు అధ్యక్షుడు సంతకం చెయ్యాలి. మధ్యాహ్నం ఎండకు జనం వెళ్లిపోతారు, ఖాళీ కుర్చీల ముందు సారాంశం చదివేస్తారు. కనీసం పాతికమంది ఆఖరిదాకా ఉండి, తమ మాట రాసినట్టు వినిపించకపోతే అక్కడే సరిచెయ్యమని అడగాలి.

సభను జరగనివ్వకుండా టెంట్లు పీకడం, కుర్చీలు విసరడం మీకే చేటు. స్థానిక పరిస్థితుల వల్ల జనం స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పే వీలు లేదని అధికారులు నివేదిస్తే, సభ లేకుండానే ముందుకు వెళ్లే వెసులుబాటు ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. మీ అభ్యంతరం నమోదు కాకుండానే ఫైలు కదిలిపోతుంది.

అనుమతి వచ్చాక జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు, అంతకు మించి ఒక్క రోజు కూడా ఇవ్వరు. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచి. అనుమతి వచ్చిన సంగతి కంపెనీ స్థానిక పత్రికల్లో ప్రకటించాలి, ఆ ప్రకటన కత్తిరించి దాచుకోండి. అప్పీలులో బలంగా నిలిచే వాదన "మేం వద్దన్నాం" కాదు. "మేం ఫలానా చెరువు గురించి అడిగాం, సారాంశంలో ఉంది, తుది నివేదికలో జవాబు లేదు, కమిటీ దాన్ని పరిశీలించలేదు" అన్నది. ఆ గడువు దాటిపోయి ఉంటే అనుమతి షరతుల అమలు మీద కన్నేసి ఉంచండి. కంపెనీ ఆరు నెలలకోసారి అమలు నివేదిక ఇవ్వాలి.

ప్రశ్న: నియమగిరిలో గ్రామసభలు వద్దంటే గని ఆగిపోయింది. మా కొండల్లో మాత్రం మమ్మల్ని అడిగామనిపించుకుంటున్నారు అంతే. తేడా ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: తేడా చట్టం పేరులోనే ఉంది. నియమగిరిలో పని చేసింది 2006 అటవీ హక్కుల చట్టం. ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల్లో బాక్సైట్ తవ్వకం కేసులో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు ఇస్తూ, ఆ కొండల్లో ఉండే డోంగ్రియా కొంధు గిరిజనుల సామూహిక, మత హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలంది. ప్రతి సభకూ జిల్లా జడ్జి స్థాయి అధికారిని పరిశీలకుడిగా పెట్టింది. ఆ ఏడాది జూలై, ఆగస్టుల్లో 12 గ్రామసభలు జరిగితే పన్నెండూ కాదన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. అక్కడ ఎన్నికైన రాష్ట్ర ప్రభుత్వం గని కావాలంది, కొండ కింద ఊళ్లు వద్దన్నాయి. చట్టం హక్కు ఇచ్చిన చోట ఊరి మాటే చెల్లింది.

మీ ప్రాంతానికి 1996 పీసా చట్టం (గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం) కూడా ఉంది, కానీ అందులో పదాలు జాగ్రత్తగా చదవాలి. భూసేకరణకు ముందు "సంప్రదించాలి" అంది. కంకర, గ్రానైట్ లాంటి చిన్నతరహా ఖనిజాలకు ముందస్తు సిఫార్సు తప్పనిసరి అంది. అయితే ఈ రెండు చోట్లా "గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ" అని రాసింది. ఆ "లేదా" దగ్గరే ఊళ్లు నష్టపోతున్నాయి. ఊరిని అడగకుండా పైస్థాయి పాలకవర్గం తీర్మానంతో పని కానిచ్చే వీలు దాంతో వస్తుంది. బాక్సైట్ చిన్నతరహా ఖనిజం కాదు, కాబట్టి దానికి ఆ సిఫార్సు నిబంధన అసలు వర్తించదు.

అందుకే అటవీ హక్కుల పత్రాలే మీకు గట్టి ఆధారం. ఇంటికో పోడు పట్టా వస్తే చాలనుకుని సామూహిక హక్కుల దరఖాస్తు వదిలెయ్యకండి. కొండ, ఊట, మేత, దేవుడి చోటు, అడవి ఫలసాయం అన్నీ ఆ దరఖాస్తులోకే వస్తాయి. అటవీ హక్కుల గ్రామసభకు కోరం సభ్యుల్లో సగం, హాజరైనవాళ్లలో కనీసం మూడోవంతు ఆడవాళ్లు. కోరం తక్కువైన సభ తీర్మానాన్ని ఎదుటి పక్షం మొదటి వాయిదాలోనే కొట్టేయిస్తుంది, కాబట్టి తలలు లెక్కపెట్టి, ఆడా మగా విడిగా రాసి, ఆ తర్వాతే చర్చ మొదలుపెట్టండి. పీసా గ్రామసభకు ఎన్నుకున్న ఉపాధ్యక్షుడు, కార్యదర్శి ఎవరో ఊరందరికీ తెలియాలి. పుస్తకం వాళ్ల దగ్గరే ఉండాలి, ఎవరో వచ్చి పట్టుకుపోకూడదు. ప్రతి తీర్మానం పేజీకీ ఆ రోజే ఫోటో తీసి నలుగురి ఫోన్లలో ఉంచండి.

ఇంకో సంగతి. అటవీ భూమి మళ్లింపుకు, అంటే దాన్ని వేరే పనికి ఇవ్వడానికి, గ్రామసభ సమ్మతి కావాలని పర్యావరణ శాఖ 2009 ఆగస్టు 3న ఉత్తర్వు ఇచ్చింది. 2022 అటవీ సంరక్షణ నిబంధనలతో ఆ తనిఖీ కేంద్రం ఆమోదానికి ముందు కాకుండా, భూమి అప్పగించే ముందు రాష్ట్రం చూసుకునే పనిగా మారింది. అంటే మిమ్మల్ని అడిగేసరికి పై స్థాయిలో సగం పని అయిపోయి ఉంటుంది. మా దృష్టిలో ఇది వెనకడుగే. అడగడం ఆలస్యమయ్యే కొద్దీ "వద్దు" అనే మాట బరువు తగ్గుతుంది.

ప్రశ్న: ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ప్రతి బిల్లుకూ జనం నేరుగా ఓటేస్తే ఎమ్మెల్యేలు, ఎంపీలు దేనికి? స్విట్జర్లాండులో అలాగే చేస్తారట కదా?
— ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: స్విట్జర్లాండులోనూ పార్లమెంటు ఉంది, చట్టాల్లో అత్యధికం అక్కడే తయారవుతాయి. జనం చేతిలో ఉన్నవి ముఖ్యంగా రెండు. పార్లమెంటు చేసిన చట్టం నచ్చకపోతే 100 రోజుల్లో 50,000 సంతకాలు పోగు చేసి దాన్ని ఓటింగుకు పెట్టించవచ్చు. రాజ్యాంగాన్ని సవరించాలనుకుంటే 18 నెలల్లో లక్ష సంతకాలు కావాలి. ఆ సవరణ నెగ్గాలంటే దేశం మొత్తం ఓట్లలోనూ, రాష్ట్రాల్లాంటి కాంటన్లలోనూ రెండు చోట్లా మెజారిటీ రావాలి. దానికి పోటీగా తన ప్రతిపాదన పెట్టే హక్కు పార్లమెంటుకు ఉంది. ఏడాదికి గరిష్ఠంగా నాలుగు ఆదివారాల్లో ఓటింగు. అనుకూల, ప్రతికూల వాదనలున్న చిన్న పుస్తకం కొన్ని వారాల ముందే ప్రతి ఓటరు ఇంటికీ వస్తుంది. జనం పెట్టిన ప్రతిపాదనల్లో నెగ్గేవి పదింటికి ఒకటి చొప్పున. అయినా ఆ ఒత్తిడి ఉండడం వల్ల పార్లమెంటు ముందే అన్ని పక్షాలతో మాట్లాడుకుని చట్టం రాస్తుంది. అసలు లాభం అదే.

నష్టాలూ ఉన్నాయి. ఆడవాళ్లకు జాతీయ ఎన్నికల్లో ఓటు ఇవ్వాలా అని 1959లో మగవాళ్లనే అడిగితే కాదన్నారు. 1971 దాకా ఆగాల్సి వచ్చింది. అపెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న కాంటన్‌లో అయితే 1990లో కోర్టు చెబితే గానీ స్థానిక ఓటు రాలేదు. 2009లో మసీదు మీనార్ల నిర్మాణం మీద నిషేధం 57.5 శాతం ఓట్లతో నెగ్గింది. తక్కువమంది హక్కును ఎక్కువమంది ఓటుకు పెడితే ఏమవుతుందో ఇవి చెబుతాయి.

ఫోన్లో అవును-కాదు నొక్కడంలో ఇంకో లోటు ఉంది. ప్రశ్న ఎవరు రాస్తే సగం గెలుపు వాళ్లదే. "అవును, కానీ చిన్న రైతుకు మినహాయింపు ఇవ్వండి" అనే జవాబుకు అక్కడ మీట ఉండదు. కమిటీలో కూర్చుని క్లాజు క్లాజుగా మార్చే పని ప్రతినిధులదే. మన దగ్గర వాళ్లు ఆ పని సరిగా చెయ్యడం లేదన్నది నిజం. 1985 నుంచి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద, పార్టీ విప్‌కు, అంటే ఇలాగే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటేస్తే సభ్యత్వమే పోతుంది. ఎన్నికైనవాళ్ల నోరు కట్టేసి, దానికి విరుగుడుగా ఫోన్ ఓటింగు తేవడం సరైన వైద్యం అని మేం అనుకోవడం లేదు.

మీలాంటి విద్యార్థులు ఇప్పటికిప్పుడు వాడుకోగలిగేది ఒకటి ఉంది. ముసాయిదా బిల్లును కనీసం 30 రోజులు జనం ముందు పెట్టి, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని శాఖ వెబ్‌సైటులో ఉంచాలని 2014లో కేంద్రం విధానం చేసుకుంది. దానికి చట్టబలం లేదు, చాలా బిల్లులకు పాటించడం లేదు. పాటించినప్పుడైనా క్లాజు నంబరు వేసి, "ఈ పదం బదులు ఈ పదం పెట్టండి, ఎందుకంటే" అని ఒక్క పేజీ పంపండి. వెయ్యిమంది ఒకే వాట్సాప్ సందేశాన్ని పంపితే అధికారి దాన్ని ఒకే అభిప్రాయంగా లెక్కేస్తారు.

ప్రశ్న: నగరాల్లో గ్రామసభ లాంటిది లేదా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: రాజ్యాంగంలో లేదు. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని మాత్రం 243-ఎస్ అధికరణం చెబుతుంది. అందులో కూర్చునేది అందరూ కాదు, కొందరే. మీ కాలనీ సంఘం తీర్మానానికి చట్టంలో విలువ లేదు. బడ్జెట్ తయారయ్యే నెలలకు ముందే కార్పొరేటరుకూ, డిప్యూటీ కమిషనరుకూ రాతపూర్వకంగా ఇస్తే పనికొస్తుంది. బడ్జెట్ అయ్యాక ఇస్తే వచ్చే ఏడాది మాటే.

ప్రశ్న: పని చెయ్యని సర్పంచిని మధ్యలో దింపే వీలు ఓటర్లకు ఉందా?
— ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ ఓటర్లకు ఆ హక్కు లేదు. సర్పంచిని ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు కాబట్టి వార్డు సభ్యులు అవిశ్వాసం పెట్టడానికీ వీల్లేదు. అవిశ్వాసం ఉప సర్పంచి మీదే. నిధుల దుర్వినియోగం, విధుల్లో నిర్లక్ష్యం రుజువైతే కలెక్టరు తొలగించవచ్చు. గ్రామసభ పిలవకపోవడం కూడా పదవి పోగొట్టే తప్పే. కాబట్టి "పని చెయ్యడం లేదు" అని ఫిర్యాదు రాయకండి, ఫలానా రెండు నెలల్లో సభ జరగలేదని తేదీలతో రాయండి.

ఎన్నికైన మనిషిని ఓటర్లే మధ్యలో దింపే రీకాల్ పద్ధతిని హర్యానా 2020లో తెచ్చింది: ఓటర్లలో పెద్ద భాగం రాసిస్తే ఓటింగు పెడతారు, మూడింట రెండొంతుల మంది వద్దంటే సర్పంచి దిగిపోవాలి. మన దగ్గర కూడా తేవాలని అడిగేవాళ్లున్నారు. ఇంత ఎక్కువ శాతాలు పెడితేనే మేలు. ఇరవై, ముప్పై ఓట్ల తేడాతో గెలుపోటములు తేలే ఊళ్లలో పదిశాతం సంతకాలు చాలంటే, ఓడిన వర్గం ప్రమాణ స్వీకారం మర్నాటి నుంచే కాగితం పట్టుకుని తిరుగుతుంది. రిజర్వుడు స్థానంలో గెలిచిన దళిత మహిళా సర్పంచి మీద ఆ కాగితం ఎంత తేలిగ్గా తయారవుతుందో కూడా చూడాలి. రీకాల్ వచ్చినా రాకపోయినా, ముందు మీ ఊళ్లో గత ఏడాది ఎన్ని గ్రామసభలు జరిగాయో రిజిస్టరు చూసి రాసుకోండి. తెలంగాణ చట్టం ప్రకారం ఆరుకు తగ్గకూడదు.